సాధకుడు – గురువు
హజ్రత్ నిజాముద్దీన్ ఔలియా (రహ్మలై) విద్యాభ్యాసం నుండి కొన్ని ఘట్టాలు

ఆధ్యాత్మిక మార్గంలో నడిచేవానికి గురువు అవసరమా అన్న ప్రశ్న మన సమాజంలో కొత్తది కాదు. దివ్య ఖుర్ఆన్, హదీసు గ్రంథాలు అనువాదాలతో సహా ఇంటింటా లభిస్తూ వుండగా, ఇప్పుడు చేతిలోని ఫోనులో సైతం చదువుకొనే వీలుండగా, మధ్యలో మరొకరి అవసరమేమిటని కొందరంటారు. పీరుగారి చేయి పట్టుకుంటే చాలు, గ్రంథాలతో మనకేమి పని అని మరికొందరంటారు. మొదటి మాట నేను చదువుకున్న వారి నోట విన్నాను. రెండవది ఉర్సులలో విన్నాను. విశ్వవిద్యాలయంలో చేరిన తరువాత మూడవ మాట కూడా చెవిన పడింది: ఈ పీరీ మురీదీ అంతా ఆనాటి రాజదర్బారుకు నకలే తప్ప మరొకటి కాదని. ఈ మూడింటిలోనూ అంతో ఇంతో సత్యం లేకపోలేదు. అయితే ఇది వాదోపవాదాలతో తేలే విషయం కాదు. నిజంగా గురువుల దగ్గర కూర్చొని, వారి చేత మందలింపులు తిని, చివరకు తానే వేలమందికి గురువైన ఒక వ్యక్తి జీవితాన్ని దగ్గరగా పరిశీలిస్తే కొంత స్పష్టత రావచ్చు. అందుకే ఈ వ్యాసంలో హజ్రత్ నిజాముద్దీన్ ఔలియా (రహ్మలై) గారి మహిమలను గాని, సుల్తానులతో ఆయనకు కలిగిన వివాదాలను గాని వివరించబోవడం లేదు. ఆయన ఎవరెవరి దగ్గర ఏమేమి చదువుకున్నారన్నదే మన విషయం.

ముందుగా ఆధారాలను గురించి ఒక మాట. అమీర్ హసన్ సిజ్జీ అనే కవి 1308 నుండి 1322 వరకు షేఖ్ గారి సమావేశాలకు హాజరై, అక్కడ విన్న మాటలను తేదీలతో సహా వ్రాసిపెట్టారు. 188 సమావేశాలు గల ఆ గ్రంథమే ‘ఫవాయిదుల్ ఫువాద్’. షేఖ్ గారి ఖలీఫా అయిన నసీరుద్దీన్ చిరాగ్ దెహ్లవీ గారి మాటలను హమీద్ ఖలందర్ కూర్చిన ‘ఖైరుల్ మజాలిస్’, ఆ తరువాత అమీర్ ఖుర్ద్ వ్రాసిన ‘సియరుల్ ఔలియా’ మనకున్న మరి రెండు ముఖ్య గ్రంథాలు. వీటిలో మొదటిదానికి వున్న విలువ మిగతావాటికి లేదు. ఎందుకంటే దానిని షేఖ్ గారు స్వయంగా చూశారు. ఇవిగాక చిష్తీ పెద్దల పేరిట ప్రచారంలో వున్న సంభాషణ గ్రంథాలు పెక్కింటిని ప్రొఫెసర్ ముహమ్మద్ హబీబ్ 1950లో పరిశీలించి, అవి తరువాతి వారి కల్పనలని తేల్చారు. దర్గాల వెలుపల అంగళ్ళలో నేటికీ ఎక్కువగా అమ్ముడుపోయేవి అవే కావడం విచారకరం.

నిజాముద్దీన్ గారు సుమారు 1238లో బదాయూన్ పట్టణంలో జన్మించారు. మంగోలుల ధాటికి తట్టుకోలేక బుఖారా నుండి వలస వచ్చిన సయ్యదుల కుటుంబం వారిది. తండ్రి ఖ్వాజా అహ్మద్ గారు ఆయన పసితనంలోనే గతించారు. తల్లి బీబీ జులైఖా పేదరికంలో ఆయనను పెంచారు. ఇంట్లో గింజ లేని రోజున ఆ తల్లి, ఈ దినం మనం అల్లాహ్‌కు అతిథులమని బిడ్డతో అనేవారట. వరుసగా కొన్నాళ్ళు ఇంట్లో తిండి గింజలు వుంటే, తల్లి మళ్ళీ ఆ మాట ఎప్పుడంటుందా అని ఎదురు చూసేవాడినని షేఖ్ గారు వృద్ధాప్యంలో కూడా చెప్పుకొనేవారు. గురువులను లెక్కపెట్టేటప్పుడు మనవాళ్ళు సాధారణంగా ఈమెను విడిచిపెడుతుంటారు. కాని తవక్కుల్ అనే పదానికి అర్థం ఆయన గ్రంథాలలో వెతుక్కోవలసిన అవసరం లేకుండా చేసింది ఈమెయే.

బదాయూన్‌లో ఆయన మౌలానా అలాఉద్దీన్ ఉసూలీ దగ్గర హనఫీ న్యాయశాస్త్ర గ్రంథమైన ‘ఖుదూరీ’ని పూర్తి చేశారు. గ్రంథం పూర్తయిన శిష్యునికి పెద్దల సమక్షంలో తలపాగా చుట్టే సంప్రదాయం వుండేది. ఆ పాగాకు కావలసిన నూలు వడికించి, బట్ట నేయించింది తల్లే. ఈ మౌలానా ఉసూలీ గారు నిరుపేద. అయినా ఎవరిముందూ చేయి చాచేవారు కాదు. ‘ఖైరుల్ మజాలిస్’లో ఆయనను గురించి ఒక ఉదంతం వుంది. ఒకనాడు ఆకలికి తాళలేక నువ్వుల తెలికపిండి తింటూ వుండగా మంగలి వచ్చాడట. తన స్థితి అతని కంట పడకూడదని ఆ తెలికపిండిని తలపాగాలో దాచుకున్నారు. క్షౌరం కోసం పాగా తీసేసరికి అది కాస్తా క్రింద పడింది. మంగలి జాలిపడి ఈ సంగతి ఒక ధనికునితో చెప్పగా, ఆ ధనికుడు ధాన్యం, నెయ్యి, రొక్కం పంపాడు. మౌలానా వాటిని త్రిప్పి పంపివేశారు. ఆ మంగలిని కూడా ఇక తన ఇంటికి రావద్దన్నారు. మంగలి చేసిన తప్పేమిటని మనకు అనిపించవచ్చు. నాకూ అనిపించింది. కాని ఆ గురువు దృష్టిలో తన లేమిని బజారున పెట్టడం, అల్లాహ్‌కూ తనకూ మధ్యనున్న విషయాన్ని ఇతరుల ముందు విప్పడమే. ‘ఖుదూరీ’లోని అధ్యాయాలు ఏ గురువైనా చెప్పగలడు. ఈ పాఠం మాత్రం ఆ గ్రంథంలో లేదు.

పదహారేళ్ళ ప్రాయంలో తల్లితోపాటు ఢిల్లీ చేరిన తరువాత ఆయనకు దొరికిన గురువు ఖ్వాజా షమ్సుల్ ముల్క్. ఈయన వేరే తరహా మనిషి: గొప్ప పండితుడు, చమత్కారి. తరగతికి రాని విద్యార్థిని చూసి, నేనేమి చేశానని నీవు రాలేదు, చెప్పు, మళ్ళీ అదే చేస్తాను అని పరిహాసమాడేవారు. ఒక్క నిజాముద్దీన్ రానప్పుడు మాత్రం ఆయన మాట తీరు మారేది. అప్పుడప్పుడైనా వచ్చి మమ్మల్ని పలకరించవచ్చు కదా అన్న ధోరణిలో ఒక పద్యం చదివేవారట. ఈయన దగ్గర నిజాముద్దీన్ గారు అరబ్బీ సాహిత్యంలో కఠినమైన హరీరీ ‘మఖామాత్’ చదివి, నలభై మఖామాలు కంఠస్థం చేశారు. తోటి విద్యార్థులు ఆయనకు రెండు బిరుదులు తగిలించారు: ‘బహ్హాస్’ అంటే వాదనలో దిట్ట అనీ, ‘మహ్‌ఫిల్ షికన్’ అంటే సభలో ఎదుటివారిని నిలువనీయనివాడనీ. ఆ బిరుదులు ఆయనకు ఆనాడు నచ్చకపోలేదు. అప్పట్లో ఆయన ఆశ కూడా అందుకు తగినదే. పొరుగున వుండే షేఖ్ నజీబుద్దీన్ ముతవక్కిల్ గారి దగ్గరకు వెళ్ళి, నేను ఖాజీ కావాలని దుఆ చేయండని అడిగారు. ఆయన మొదట విననట్లు ఊరుకొని, తిరిగి అడిగితే, ఖాజీవి కావద్దు, మరింకేదైనా అవమన్నారు.

ఈ నజీబుద్దీన్ గారు అజోధన్‌లో వున్న షేఖ్ ఫరీదుద్దీన్ గంజెషకర్ (రహ్మలై) గారికి తమ్ముడు. బాబా ఫరీద్ అని మన జనం పిలిచేది ఆ ఫరీదుద్దీన్ గారినే. ఆయన పేరు నిజాముద్దీన్ గారు పన్నెండేళ్ళ వయసులో మొదటిసారి విన్నారు. ముల్తాన్ వైపు నుండి వచ్చిన అబూబకర్ అనే గాయకుడు అక్కడి షేఖ్ బహాఉద్దీన్ జకరియ్యా గారిని ఎంతగానో పొగిడాడు. పిల్లవాని మనసు చలించలేదు. తరువాత అజోధన్ ప్రసక్తి తెచ్చి ఫరీద్ గారి పేరు చెప్పగానే ఏదో తెలియని ప్రేమ కలిగి, ప్రతి నమాజు తరువాత ఆ పేరు జపించడం మొదలుపెట్టాడు. ఎందుకలా జరిగిందో చరిత్రకారుడు చెప్పలేడు. షేఖ్ గారు కూడా దానికి కారణం చెప్పలేదు.

1257లో, ఇరవయ్యేళ్ళ వయసులో ఆయన అజోధన్ చేరారు. పాకిస్తాన్ పంజాబులో నేడు పాక్‌పత్తన్ అని పిలువబడేది ఆ ఊరే. ఢిల్లీ సభలలో ఎదుటివారి నోరు మూయించిన యువకునికి ఆ వృద్ధుని ముందు నోట మాట రాలేదు. ఫరీద్ గారు అతని తడబాటును గమనించి, కొత్తగా వచ్చిన ప్రతివారికీ ఇటువంటి బెరుకు సహజమేనని ఊరడించారు. ఆనాడే బైఅత్ జరిగింది. తరువాత శిష్యుడు ఒక ముఖ్యమైన ప్రశ్న అడిగాడు: ఇక చదువు మానివేసి జిక్ర్, నఫిల్ నమాజులలో నిమగ్నుణ్ణి కావాలా అని. పీరుకూ పుస్తకానికీ పోటీ పెట్టేవారు ఈ ఘట్టాన్ని జాగ్రత్తగా చదవాలి. ఫరీద్ గారు తాను ఎవరినీ చదువు మానమనననీ, అదీ చేయమనీ, ఇదీ చేయమనీ, చివరకు ఏది బలపడుతుందో చూద్దామనీ బదులిచ్చారు. దర్వేషుకు కూడా కొంత జ్ఞానం అవసరమని స్పష్టం చేశారు.

అంతటితో ఆగక తానే పాఠం చెప్పడం ప్రారంభించారు. దివ్య ఖుర్ఆన్ ఆరు భాగాలు, అబూ షకూర్ సాలిమీ వ్రాసిన ‘తమ్‌హీద్’, షేఖ్ షిహాబుద్దీన్ సుహ్రవర్దీ గారి ‘అవారిఫుల్ మఆరిఫ్’లో ఐదు అధ్యాయాలు నిజాముద్దీన్ గారు ఆయన దగ్గర చదివారు. ఖుర్ఆన్ పాఠంలో ‘ద్వాద్’ అక్షరం దగ్గర బండి ఆగింది. ఎంత ప్రయత్నించినా షేఖ్ గారు పలికినట్లు నేను పలకలేకపోయేవాడినని నిజాముద్దీన్ గారు తరువాత చెప్పుకున్నారు. నలభై మఖామాలు గుక్కతిప్పుకోకుండా అప్పగించే విద్వాంసుడు ఒక్క అక్షరం దగ్గర తిరిగి పిల్లవాడైపోయాడు. ఇది నాకు బాగా అర్థమయ్యే విషయం. నేను మదర్సాలో చేరిన మొదటి ఏడాది మా ఉస్తాద్ నా చేత అదే అక్షరం కొన్ని వారాలు పలికించారు. తెలుగు నాలుకకు అది పట్టుబడదని సాకు చెప్పాను. మీ ‘ళ’, ‘ఱ’లు నాకు పట్టుబడ్డాయా, అయినా కూరగాయల బజారులో పలకడం లేదా అన్నారాయన.

‘అవారిఫ్’ దగ్గర జరిగిన సంఘటన అసలైనది. దానిని కొంత వివరంగా చెప్పాలి.

ఫరీద్ గారి చేతిలోని ప్రతి సన్నని అక్షరాలతో, తప్పులతో వుండేది. అందువల్ల పాఠం మధ్యలో ఆయన ఆగి ఆలోచించవలసి వచ్చింది. నిజాముద్దీన్ గారు ఢిల్లీలో నజీబుద్దీన్ గారి దగ్గర మంచి ప్రతి చూసి వున్నారు. ఆ మాట నోరుజారి చెప్పేశారు. కాస్సేపు మౌనం తరువాత ఫరీద్ గారు, తప్పుల ప్రతిని దిద్దుకొనే శక్తి ఈ దర్వేషుకు లేదా అన్న అర్థం వచ్చేట్టు ఒకటికి రెండుసార్లు అన్నారు. ఆ మాట ఎవరిని ఉద్దేశించి అన్నారో నిజాముద్దీన్ గారికి తట్టలేదు. ప్రక్కనున్న మౌలానా బద్రుద్దీన్ ఇస్‌హాఖ్ గారు, నిన్నే అంటున్నారని చెప్పగా లేచి, తలపాగా తీసి పాదాలపై పడ్డారు. తన ఉద్దేశం అది కాదని మొరపెట్టుకున్నారు. షేఖ్ గారి ముఖంలో కోపం తగ్గలేదు. శిష్యుడు ఏడుస్తూ బయటికి నడిచి ఒక బావి దగ్గరకు వెళ్ళాడు, అందులో దూకుదామని. అంతలో, ఈ నిర్భాగ్యుడు చస్తే చచ్చాడు గాని, ఆ నింద మరొకరి మీద పడుతుందే అన్న ఆలోచన అతన్ని ఆపింది. ఊరి బయట పిచ్చివానివలె తిరిగాడు. చివరకు షేఖ్ గారి కుమారులలో ఒకరు జాలిపడి తండ్రితో చెప్పగా పిలుపు వచ్చింది. మరునాడు ఫరీద్ గారు అతన్ని దగ్గరకు తీసుకొని, ఇదంతా నీ స్థితి పరిపూర్ణం కావాలనే చేశానని చెప్పి, తన వస్త్రం తొడిగించారు. పీరు ‘మష్షాతా’ వంటివాడని కూడా అన్నారు. పెళ్ళికూతుర్ని ముస్తాబు చేసే స్త్రీని ఫార్సీలో మష్షాతా అంటారు. చిక్కుపడిన జుట్టు దువ్వేటప్పుడు నొప్పి కలుగకుండా వుండదు కదా.

ఈ సంఘటనను నేను పలుమార్లు చదివాను. చదివినప్పుడల్లా ఒక ఇబ్బంది కలుగుతుంది. శిష్యుడు అన్నది నిజమే. చెడుగా అన్నదీ కాదు. దానికి ఒక యువకుణ్ణి బావి అంచుదాకా నెట్టడం న్యాయమా? దీనిని తేలిగ్గా సమర్థించేవారిని చూస్తే నాకు భయం వేస్తుంది. ఎందుకంటే ఈ ఉదంతాన్ని అడ్డం పెట్టుకొని శిష్యులను చాకిరీకి, అవమానానికి గురిచేసే పీర్లు ఏ కాలంలోనూ కొరవడలేదు. అయితే ఇందులో గమనించవలసిన అంశాలు రెండున్నాయి. ఒకటి, ఈ కథ మనకు చెప్పింది బాధపడిన శిష్యుడే. గురువు భక్తులు కల్పించింది కాదు. అర్ధశతాబ్దం తరువాత, తనకంటూ దాచవలసిన పరువు ఎంతో వున్న స్థితిలో ఆయనే చెప్పారు. రెండు, ఫరీద్ గారు దెబ్బ కొట్టింది ఎక్కడన్నది. ‘మహ్‌ఫిల్ షికన్’ అనే బిరుదు గల యువకునికి, ఎక్కడ ఏ మంచి ప్రతి వుందో తెలిసి వుండటం, దానిని సభలో చెప్పగలగడం ఒక తీపి అలవాటు. ఎదుటివాని లోటును కనిపెట్టే ఆ చురుకుదనం పండితునికి ఆభరణం కావచ్చు. సాధకునికి మాత్రం అదే తెర. తప్పుల ప్రతి ఏదన్న ప్రశ్న కాగితం నుండి చదివేవాని మీదికి మళ్ళింది. ఇంతకు మించి నేను సమర్థించలేను. ఆ కోపం ఒకటి రెండు దినాలలోనే ముగిసి, కారణం చెప్పడంతో, వస్త్రం తొడిగించడంతో పూర్తయిందన్నది మాత్రం మరువరాదు.

అజోధన్‌లోని మిగతా పాఠాలు కూడా ఇటువంటివే. ఖాన్‌ఖాహ్‌లో పేదరికం అధికం. కరీర ఫలాలు ఉడకబెట్టడం నిజాముద్దీన్ గారి వంతు. ఒకనాడు ఉప్పు లేకపోతే కొట్లో అప్పుగా తెచ్చి వేశారు. ముద్ద తీసుకోబోయిన ఫరీద్ గారు చేయి బరువుగా వుందంటూ ఆగి, విచారించి, సంగతి తెలుసుకొన్నారు. నాలుక రుచి కోసం అప్పు చేయడం కంటే పస్తుండటం దర్వేషులకు మేలని, తవక్కుల్‌కూ అప్పుకూ తూర్పు పడమరలంత దూరమని చెప్పి ఆ పాత్ర తీయించివేశారు. మరోసారి ఢిల్లీలో తనతో చదువుకున్న మిత్రుడొకడు అజోధన్ సత్రంలో దిగి, చిరుగుబట్టలతో వున్న ఆయనను చూసి నివ్వెరపోయాడు. ఢిల్లీలోనే పాఠాలు చెప్పుకుంటూ వుంటే ఈపాటికి గొప్ప విద్వాంసుడవై సుఖంగా వుండేవాడివి కదా అన్నాడు. ఆ సంగతి విన్న ఫరీద్ గారు వంటశాల నుండి ఒక పళ్ళెం నిండా భోజనం పెట్టించి, దానిని తలపై పెట్టుకొని ఆ మిత్రునికి ఇచ్చిరమ్మన్నారు. నిజాముద్దీన్ గారు బజారుగుండా అలాగే వెళ్ళారు. మిత్రుడు కదిలిపోయి, నిన్నిలా మార్చిన ఆ షేఖ్ దగ్గరకు నన్నూ తీసుకుపొమ్మన్నాడట.

వీటన్నింటికన్నా నా మనసును పట్టుకున్న పాఠం చాలా చిన్నది. ఎవరి హక్కులు నీపై వున్నాయో వారిని సంతృప్తిపరచుకోమని ఫరీద్ గారు ఆదేశించారు. నిజాముద్దీన్ గారికి రెండు విషయాలు గుర్తుకు వచ్చాయి. ఢిల్లీలో ఒక బట్టల వ్యాపారికి ఇరవై జీతల్‌లు బాకీ. మరొకరి దగ్గర ఎరువు తెచ్చుకున్న పుస్తకం పోగొట్టారు. ఢిల్లీకి తిరిగి వచ్చిన తరువాత పది జీతల్‌లు చేతికి రాగానే వ్యాపారి ఇంటికి వెళ్ళి, ఇవి తీసుకోండి, మిగతావి తరువాత తెచ్చిస్తానన్నారు. ఆయన ఆ పది తీసుకొని మిగతా పది మాఫీ చేశాడు. పుస్తకం యజమాని దగ్గరకు వెళ్ళి, ఎక్కడైనా ఒక ప్రతి సంపాదించి నకలు వ్రాసి ఇస్తానని చెప్పగా, నీవు వచ్చిన చోటి ఫలితం ఇలాగే వుంటుందని ఆయన ఆ పుస్తకాన్ని వదులుకున్నాడు. కష్ఫ్, కరామాత్‌ల కోసం గురువులను వెతికేవారికి ఈ ఇరవై జీతల్‌ల లెక్క చప్పగా తోచవచ్చు. కాని ఒక మనిషి చదువులో ఎంత ఎత్తుకు వెళ్ళినా, తానే మరచిపోయిన బాకీని అతనికి గుర్తు చేసేవాడొకడు కావాలి. ఏ పుస్తకమూ పాఠకుని బాకీల జాబితా అడగదు.

ఫరీద్ గారి జీవితకాలంలో నిజాముద్దీన్ గారు అజోధన్‌కు మూడు పర్యాయాలు మాత్రమే వెళ్ళారు. ఇది గమనార్హం. గురువు చెంత జీవితమంతా గడపడం కాదు, ఆ కొన్ని నెలలలో జరిగిన పనే ముఖ్యం. 1265లో ఫరీద్ గారు గతించినప్పుడు ఆయన ఢిల్లీలో వున్నారు. అప్పటికే ఖిలాఫత్ లభించింది. ఖిర్ఖా, ముసల్లా, చేతికర్ర తరువాత అందాయి. మన ఊహ ప్రకారం ఇక్కడితో శిష్యరికం ముగిసి, పీఠాధిపత్యం మొదలుకావాలి.

అలా జరగలేదు. ఆ తరువాత ఆయన మౌలానా కమాలుద్దీన్ జాహిద్ గారి దగ్గర హదీసు విద్యార్థిగా చేరారు. ఇమామ్ రజీఉద్దీన్ సాగానీ సంకలనం చేసిన ‘మషారిఖుల్ అన్వార్’ను అక్షరాక్షరం చదివి, 1280లో, అంటే హిజ్రీ 679లో, ఇజాజత్ పత్రం పొందారు. ఆ పత్రం పాఠం ‘సియరుల్ ఔలియా’లో వుంది. గ్రంథకర్త సాగానీ నుండి బుర్‌హానుద్దీన్ బల్ఖీకి, ఆయన నుండి కమాలుద్దీన్ జాహిద్‌కు, ఆయన నుండి నిజాముద్దీన్‌కు అని గురుపరంపర అందులో నమోదైంది. అప్పటికి శిష్యుని వయసు నలభై దాటింది. పీరు ఖిలాఫత్ ఇచ్చి పదిహేనేళ్ళు కావస్తున్నది. ఖిర్ఖా ధరించిన మనిషి ఒక మౌల్వీ ముందు మోకాళ్ళు మడిచి, ఈ పదాన్ని సరిగా పలికానా అని అడుగుతున్నాడు! యౌవనంలో ‘మఖామాత్’ కంఠస్థం చేసినదానికి పరిహారంగా ‘మషారిఖ్’ను కంఠస్థం చేశానని ఆయన అనేవారు. సాహిత్యాన్ని అంతగా తక్కువ చేయవలసిన పని లేదని నా అభిప్రాయం. ఆయన మాటల్లోని మాధుర్యానికి హరీరీ కూడా కొంత కారణమై వుండాలి.

ఈ కమాలుద్దీన్ జాహిద్ గారే సుల్తాన్ బల్బన్ తనకు ఇమాముగా వుండమని కోరినప్పుడు, మా దగ్గర మిగిలింది నమాజు ఒక్కటే, దానిని కూడా పాదుషా తీసుకోదలిచారా అని జవాబిచ్చినవారు. బల్బన్ అంతటివాడు నిరుత్తరుడైపోయాడు. తరువాతి కాలంలో ఘియాస్‌పూర్‌లోని నిజాముద్దీన్ గారి గడపకు సుల్తానులు రాదలిచినప్పుడు, నా ఇంటికి రెండు తలుపులున్నాయి, ఒకదానినుండి పాదుషా వస్తే మరొకదానినుండి నేను వెళ్ళిపోతానని ఆయన కబురు పంపిన విషయం పాఠకులకు తెలిసే వుంటుంది. ఆ ధైర్యం ఫరీద్ గారి నుండి వచ్చిందని సాధారణంగా చెబుతారు. బదాయూన్‌లో తెలికపిండి దాచుకున్న గురువు, ఢిల్లీలో నమాజును అమ్మని గురువు కూడా ఆ మాటలో పలుకుతున్నారని నాకనిపిస్తుంది.

ఇక ఆయన గురువుగా ఎలా వున్నారో చూద్దాం. బెంగాల్ నుండి చిన్నవయసులో వచ్చి ఖాన్‌ఖాహ్‌లో సేవచేస్తున్న సిరాజుద్దీన్ ఉస్మాన్‌కు ఖిలాఫత్ ఇచ్చే ప్రసక్తి వచ్చినప్పుడు, ఈ పనిలో తొలి మెట్టు జ్ఞానమేనని, అతనికది లేదని నిజాముద్దీన్ గారు ఆపివేశారు. అప్పుడు మౌలానా ఫఖ్రుద్దీన్ జర్రాదీ ఆరు నెలల్లో అతన్ని విద్వాంసునిగా తయారుచేస్తానని పూనుకొని, వయసు మీరిన ఆ విద్యార్థి కోసం అరబ్బీ పదరూపాలపై ప్రత్యేకంగా ఒక చిన్న పుస్తకం వ్రాసి, అతని పేరిటనే ‘ఉస్మానీ’ అని పేరు పెట్టారు. అఖీ సిరాజ్‌గా ప్రసిద్ధుడై, లఖ్నౌతీలో చిష్తీ పరంపరను నెలకొల్పింది ఆ శిష్యుడే.

మౌలానా బుర్‌హానుద్దీన్ ఘరీబ్ విషయంలో అజోధన్ ఘట్టమే మరో రూపంలో పునరావృతమైంది. డెబ్బై యేళ్ళ ఆ శిష్యుడు ఒంట్లో శక్తి లేక కంబళిని మడతపెట్టి దానిపై కూర్చొనేవారు. ఆయన పీరువలె గద్దె వేసుకొని కూర్చుంటున్నారని షేఖ్ గారికి ఎవరో చేరవేశారు. షేఖ్ గారు ఆయనతో మాట్లాడటం మానివేసి, బయటికి వెళ్ళిపొమ్మని కబురు పెట్టారు. ఆయన ఇంట్లో కూర్చొని విలపిస్తుంటే పరామర్శకు జనం వచ్చారు. చివరకు అమీర్ ఖుస్రో తలపాగాను మెడలో వేసుకొని షేఖ్ గారి ముందు నిలబడి క్షమాపణ ఇప్పించారు. ఇక్కడ కూడా నాకు ముసలాయన పక్షానే మాట్లాడాలని వుంది. చాడీలు విని శిక్షించడం ఫరీద్ గారు చేసిన పని వంటిది కాదు. తాను పడ్డ బాధను మరచిపోయారా, లేక ఆ బాధవల్లనే తాను బాగుపడ్డానని నమ్మి అదే మందు వాడారా? ఏదేమైనా ఆ బుర్‌హానుద్దీన్ ఘరీబే దక్కనుకు వచ్చి, 1337లో గతించి, దౌలతాబాద్ చెంత ఖుల్దాబాద్‌లో సమాధి అయ్యారు. గురువు పట్ల ఆయన భక్తి ఎటువంటిదంటే, ఢిల్లీలో వున్నన్నాళ్ళూ ఘియాస్‌పూర్ వైపు వీపు పెట్టి కూర్చోలేదని అంటారు.

గురువు మాటకు హద్దు ఎక్కడ? ఈ ప్రశ్నకు ఆ ఖాన్‌ఖాహ్‌లోనే జవాబుంది. ఒకచోట వాద్యంతో సమా జరుగుతూ వుంటే నసీరుద్దీన్ చిరాగ్ గారు లేచిపోబోయారు. మిత్రులు అడ్డుపడి, పీరు మార్గాన్ని వదిలేశావా అని నిలదీశారు. పీరు ఆచరణ ప్రమాణం కాదు, ఖుర్ఆన్, హదీసుల నుండి ఆధారం కావాలని ఆయన తెగేసి చెప్పారు. కొందరు పరుగున వెళ్ళి షేఖ్ గారికి విన్నవించారు. మడతపెట్టిన కంబళి విషయం విని మండిపడిన షేఖ్ గారు, ఈ మాట విని, అతడు చెప్పింది సత్యమన్నారు. తరువాత ఢిల్లీలో తన స్థానంలో నిలిపింది కూడా ఆ శిష్యుణ్ణే.

అమీర్ హసన్ విషయం చెప్పి తీరాలి. ఆయన మొదట ఎవరికీ తెలియకుండా షేఖ్ గారి మాటలు వ్రాసుకొనేవారు. ఏడాది దాటిన తరువాత ధైర్యం చేసి ఆ కాగితాలు ముందు పెట్టారు. షేఖ్ గారు చదివి మెచ్చుకున్నారు. తాను కూడా అజోధన్‌లో ఫరీద్ గారి మాటలు ఇలాగే కాగితాలపై వ్రాసుకొన్నట్లు చెప్పారు. చదువుతూ వుండగా అక్కడక్కడ ఖాళీలు కనిపించాయి. ఇవేమిటని అడిగితే, మిగతా మాటలు సరిగా గుర్తులేక వదిలేశానని హసన్ విన్నవించుకున్నారు. షేఖ్ గారు కోపగించలేదు. ఆ ఖాళీలు ఒక్కొక్కటే తానే పూర్తి చేశారు. అనువాదకునిగా నాకు ఆ ఖాళీల మీద ఎంతో గౌరవం. తెలియనిచోట సొంత మాట అతికించి పేజీ నింపడం ఎంత తేలికో ఈ పనిలో వున్నవారికి తెలుసు.

నిజాముద్దీన్ గారు 1325లో గతించారు. కొద్ది సంవత్సరాలకు ముహమ్మద్ బిన్ తుగ్లఖ్ ఉత్తర్వులతో ఢిల్లీ పెద్దలనేకులు దౌలతాబాద్ చేరారు. అమీర్ హసన్ కూడా అక్కడే కన్నుమూసి ఖుల్దాబాద్‌లో సమాధి అయ్యారు. అలా వచ్చిన కుటుంబాలలో ఒకదానిలోని బాలుడు సయ్యద్ ముహమ్మద్ హుసైనీ. తండ్రి ఖుల్దాబాద్‌లో గతించగా, పదిహేనేళ్ళ వయసులో ఢిల్లీకి తిరిగివెళ్ళి నసీరుద్దీన్ చిరాగ్ గారికి మురీదయ్యాడు. ధ్యానంలో రుచి దొరికిన తరువాత, ఇక మదర్సా చదువు మానుకుంటానని పీరును అనుమతి అడిగాడు. అజోధన్‌లో నిజాముద్దీన్ అడిగిన ప్రశ్నే ఇది. జవాబు కూడా అదే వచ్చింది: మానవద్దు, ‘హిదాయా’, ‘బజ్దవీ’, ‘కష్షాఫ్’ శ్రద్ధగా చదువు, నీతో ఒక పని వుంది అని. ఆ బాలుడు ఖాజీ అబ్దుల్ ముఖ్తదిర్ వంటి ఉస్తాదుల దగ్గర ఆ గ్రంథాలన్నీ పూర్తిచేశాడు.

ఆయనే మన గుల్బర్గా ఖ్వాజా బందానవాజ్ గేసూదరాజ్ (రహ్మలై). ఫీరోజ్ షా బహమనీ కాలంలో, ఎనభై యేళ్ళు పైబడిన వయసులో గుల్బర్గా చేరి, 1422లో గతించేవరకూ ఖాన్‌ఖాహ్‌లో తఫ్సీరు, హదీసు, సులూక్ పాఠాలు చెబుతూనే వున్నారు. అజోధన్‌లో తప్పుల ప్రతి నుండి ఐదు అధ్యాయాలు మాత్రమే పాఠం జరిగిన ఆ ‘అవారిఫ్’కు ఆయన వ్యాఖ్యానం కూడా వ్రాశారు. తెలంగాణా, రాయలసీమ జిల్లాల నుండి ఏటా జుల్‌ఖఅదా నెలలో ఉర్సుకు వెళ్ళే మనవారిలో ఎక్కువమంది గుంబద్ దగ్గర ఫాతిహా చదివి, బజారులో ఖర్జూరాలు కొనుక్కొని తిరిగివస్తారు. నేనూ చాలా ఏళ్ళు అలాగే వచ్చాను. ఆ దర్గా ఆవరణలోనే ఒక గ్రంథాలయం, అందులో వ్రాతప్రతులు వున్నాయని నాకు చెప్పింది మా ఉస్తాదే.